పియానో గ్రేడ్ 3కి నేరుగా కట్టాలా, 1 నుంచి రావాలా? (పాప 9 ఏళ్లు, బెంగళూరు)

బెళ్లందూరు_అమ్మ:

పాప ఐదో తరగతి, సీబీఎస్‌ఈ. పియానో మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఇంట్లో 88 కీస్ డిజిటల్ పియానో ఉంది. దానికంటే ముందు నుంచే కర్ణాటక సంగీతం క్లాసు నడుస్తోంది, గీతాలు అయ్యాయి, వర్ణం మొదలైంది. ఇప్పటిదాకా ఒక్క గ్రేడ్ పరీక్షకీ (ముందు ఇనీషియల్, తర్వాత 1 నుంచి 8 దాకా స్థాయిలు) కట్టలేదు. పియానో టీచర్ వచ్చే సెషన్‌కి నేరుగా గ్రేడ్ 3 కట్టమంటున్నారు. మా వారేమో ఇనీషియల్ నుంచి వరసగా రావాలి, లేకపోతే పునాది ఉండదంటారు. అపార్ట్‌మెంట్‌లో అడిగితే సగం మంది ఏబీఆర్‌ఎస్‌ఎం అన్నారు, సగం మంది ట్రినిటీ అన్నారు (రెండూ సంగీత పరీక్షలు పెట్టే బోర్డులు), ఒకరు వీడియో తీసి పంపితే చాలన్నారు. కర్ణాటక సంగీతం టీచరేమో అందులో జూనియర్ పరీక్ష సంగతి కూడా ఎత్తారు. ఏది, ఎప్పుడు, అసలు అవసరమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నల్లమెట్టు:

మీవారికి ముందు ఒక మాట చెప్పండి. ఏబీఆర్‌ఎస్‌ఎం గానీ ట్రినిటీ గానీ కింది గ్రేడ్ సర్టిఫికెట్ ఉందా అని అడగవు. ఇనీషియల్, 1, 2 వదిలేసి 3కి కట్టినా తప్పులేదు. అడ్డుగేటు ఒక్కటే ఉంది, అది ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ 6 దగ్గర. 6, 7, 8కి కట్టాలంటే ముందు గ్రేడ్ 5 థియరీ (లేదా దానికి సమానంగా వాళ్లు ఒప్పుకునే మరో గ్రేడ్ 5 పరీక్ష) పాసై ఉండాలి. ట్రినిటీలో ఆ గేటు కూడా లేదు. పునాది అనేది వారంవారం క్లాసులో పడేది, సర్టిఫికెట్ల వరసతో పడేది కాదు. గ్రేడ్ 1 నుంచి ఏటా ఒకటి చొప్పున కట్టుకుంటూ వచ్చిన పిల్లలే చాలాసార్లు బలహీనంగా ఉంటారు. ఏడాదంతా పరీక్షకి ఎంచుకున్న మూడు పీసులే (పాటలే) వాయిస్తారు, పరీక్ష అవగానే తర్వాతి పుస్తకం తెరిచి మరో మూడు. అలా అయిదో గ్రేడ్ దాకా వచ్చినా చేతిలో ఉన్నవి పదిహేను పీసులే. కొత్త పాట కాగితం ముందు పెడితే రెండు బార్లు (కాగితం మీద తాళం గడులు) దాటరు.

టీచర్ 3 అన్నారంటే దేన్ని చూసి అన్నారో కనుక్కోండి. ఇంట్లో మీరే చూసుకోదగ్గ పరీక్షలు రెండున్నాయి.

ఒకటి: గ్రేడ్ 3 స్థాయి కొత్త పీసు ఒకటి ఇచ్చి ఎన్నాళ్లకు నడుస్తుందో చూడండి. మూడు నాలుగు వారాల్లో రెండు చేతులూ కలిపి, నెమ్మదిగానైనా ఆగకుండా చివరిదాకా వస్తే ఆ గ్రేడ్‌కి కట్టొచ్చు. ఒక్క పీసుకే మూడు నెలలు పట్టిందంటే ఆ గ్రేడ్ ఇంకా ఎత్తులో ఉన్నట్టే. ఎలాగోలా బట్టీ పట్టించి గట్టెక్కించొచ్చు గానీ ఆ తర్వాత గ్రేడ్ 4 దగ్గర బండి ఆగిపోతుంది.

రెండు: ఎప్పుడూ చూడని గ్రేడ్ 1 పీసు ముందు పెట్టి, అర నిమిషం చూసుకోనిచ్చి వాయించమనండి. తప్పులు రావొచ్చు, తాళం మాత్రం ఆగకూడదు. సైట్ రీడింగ్ మామూలుగా వాయించే స్థాయి కంటే రెండు గ్రేడ్లు కిందే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. అంతకంటే కిందుంటేనే అనుమానించాలి.

ఈ సైట్ రీడింగ్ గొడవ ఎందుకంటే, మార్కుల లెక్క అలాంటిది. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ గ్రేడ్ (ఎగ్జామినర్ ముందు వాయించేది) మొత్తం 150. మూడు పీసులు ఒక్కోటి 30, స్కేల్స్ (స్వరాల వరసలు) 21, సైట్ రీడింగ్ 21, ఆరల్ (విన్నది పాడటం, తాళం చెప్పడం) 18. పాస్ 100, మెరిట్ 120, డిస్టింక్షన్ 130. ఒక్కో భాగంలో విడివిడిగా పాస్ కావాలని లేదు, మొత్తమే చూస్తారు. పీసులకి పాస్ గీత 20. పాప మూడింట్లోనూ 22 తెచ్చుకుందనుకోండి, 66. స్కేల్స్ 14, ఆరల్ 11. సైట్ రీడింగ్‌లో తడబడి 8. మొత్తం 99. మూడు పీసులూ పాసై, ఒక్క మార్కుతో పరీక్ష పోయింది. అదే సైట్ రీడింగ్‌లో 14 వచ్చి ఉంటే 105. పీసులో 22ని 25 చేయడానికి రెండు నెలలు పడుతుంది. సైట్ రీడింగ్‌ని 8 నుంచి 14కి లాగడానికి రోజూ అయిదు నిమిషాలు, ఒక చిన్న కొత్త పాట చాలు. ఆ అయిదు నిమిషాలే ఎవరూ పెట్టరు.

ట్రినిటీ లెక్క వేరు. మొత్తం 100: మూడు పీసులు ఒక్కోటి 22, టెక్నికల్ వర్క్ (స్కేల్స్ వగైరా) 14, సపోర్టింగ్ టెస్టులు రెండు, ఒక్కోటి 10. పాస్ 60, మెరిట్ 75, డిస్టింక్షన్ 87. గ్రేడ్ 5 దాకా ఆ రెండు టెస్టులూ నాలుగింటి నుంచి మీరే ఎంచుకోవచ్చు: సైట్ రీడింగ్, ఆరల్, ఇంప్రొవైజేషన్, మ్యూజికల్ నాలెడ్జ్. చదవడం కుంటుపడిన పిల్లలు ఆరల్, నాలెడ్జ్ తీసుకుని తప్పించుకుంటారు. పాస్ అవడానికి అది బాగానే ఉంటుంది. గ్రేడ్ 6కి వచ్చేసరికి సైట్ రీడింగ్ తప్పనిసరి, అప్పుడు పాత బాకీ వడ్డీతో సహా కట్టాలి. ఇంట్లో ఉన్నది 61 కీస్ కీబోర్డ్ అయితే ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డ్ సిలబస్ విడిగా ఉంది, పియానో పరీక్షకి దాంతో తయారవడం కుదరదు. మీకు 88 ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

రెంటిలో ఏది గొప్పదన్న వాదన దండగ. రెండూ ఇంగ్లండ్ బోర్డులే, అక్కడి నియంత్రణ కిందే ఉన్నాయి. మీ టీచర్‌కి ఏ సిలబస్ చేతికి అలవాటో అదే తీసుకోండి. స్కూల్లో దీనికి మార్కులేమీ కలవవు. కాలేజీకి పనికొస్తుందని ఎవరైనా అంటే, 6, 7, 8 గ్రేడ్లకు యూకాస్ పాయింట్లు ఉన్న మాట నిజమే (గ్రేడ్ 8 పాస్‌కి 18, డిస్టింక్షన్‌కి 30), అవి బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తుకి మాత్రమే.

స్కేల్స్ గురించి ఒక్కటి చెప్పి ఆపుతా. పుస్తకం చూడకుండా వాయించాలి, ఎగ్జామినర్ కొన్నే అడుగుతారు. పిల్లలు సి మేజర్ బాగా వచ్చేసి, అదే వేళ్ల వరస అన్నిటికీ పెడతారు. ఎఫ్ మేజర్ కుడిచేత్తో వాయించమని, బొటనవేలు ఎక్కడ పడుతుందో చూడండి. సి లో లాగా 1, 2, 3 (బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు) అయ్యాక బొటనవేలు కిందికి తెస్తే అది పోయి బి ఫ్లాట్ నల్ల కీ మీద పడుతుంది, చెయ్యి పైకి లేస్తుంది, అక్కడ ఒక కుదుపు వినిపిస్తుంది. ఎఫ్ లో 1, 2, 3, 4 దాకా వెళ్లి, బి ఫ్లాట్ మీద నాలుగో వేలు ఉంచి, సి మీద బొటనవేలు తేవాలి. ఎడమచేతికి మామూలు వరసే. ఈ ఒక్కటి తప్పుగా అలవాటైతే విప్పడానికి నెల పడుతుంది. కట్టే ముందే చూసుకోండి.

ఐదోశ్రుతి:

కర్ణాటకం వచ్చిన పిల్ల కాబట్టి ఆరల్ తేలికని అందరూ అనేస్తారు. సగమే నిజం.

పాప పాడే శ్రుతి ఐదు అనుకుందాం, అంటే జి. రెండు మూడేళ్లుగా ఆ జి యే ఆమెకు షడ్జమం (స). ఆరల్‌లో ఎగ్జామినర్ పియానో మీద సి మేజర్ కార్డ్ (మూడు స్వరాలు కలిపి) వాయించి, ఒక చిన్న స్వరవాక్యం వాయించి, తిరిగి పాడమంటారు. పాప చెవికి ఆ సి మధ్యమంలా (మ) వినిపిస్తుంది. పాడేటప్పుడు తన షడ్జమం వైపు లాగేస్తుంది. తర్వాతి వాక్యం ఎఫ్ లో వస్తే మళ్లీ తికమక. దీనికి విరుగుడు: ఇంట్లో శ్రుతి పెట్టెని రోజుకో శ్రుతికి మార్చి, ఒకటి, రెండు, నాలుగు, ఐదు, అదే శంకరాభరణం ఆరోహణ అవరోహణ పాడించడం. రెండు వారాల్లో షడ్జమం కదిలించడం అలవాటవుతుంది. మేజర్ స్కేల్ అంటే స్వరస్థానాల లెక్కన శంకరాభరణమే (29వ మేళం). నేచురల్ మైనర్ నటభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి, మెలోడిక్ మైనర్ ఎక్కేటప్పుడు గౌరీమనోహరి, దిగేటప్పుడు నటభైరవి. పిల్లకి ఈ పేర్లతో చెప్తే మైనర్ స్కేల్స్ ఒక్క పూటలో బుర్రకెక్కుతాయి.

రెండో ఇబ్బంది గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం. కాకలి నిషాదం పాడేటప్పుడు మనకు తెలియకుండానే పై షడ్జమాన్ని తాకి వస్తాం. గాంధారం మధ్యమం నుంచి దిగుతుంది. ఆరల్‌లో అది స్వరం తప్పినట్టు వినబడుతుంది. జంటస్వరాలు మొదటి కాలంలో పాడినట్టు, నిలకడగా, ఊపు లేకుండా పాడాలని చెప్పండి. గొంతు బాగుండటానికి మార్కులుండవు, స్వరం సరిగ్గా పడితే చాలు. హమ్మింగ్ చేసినా ఒప్పుకుంటారు.

మూడోది తాళం. ఏబీఆర్‌ఎస్‌ఎం తొలి గ్రేడ్లలో పాటతో పాటు చప్పట్లు కొట్టి, రెండు లెక్కా మూడు లెక్కా (గ్రేడ్ 3లో నాలుగు కూడా) చెప్పమంటారు. పిల్ల ఆదితాళం అలవాటులో వేళ్లు లెక్కపెట్టడం, చెయ్యి తిప్పడం మొదలెడుతుంది. ప్రతి లెక్కకీ ఒక చప్పట్, మొదటిదానికి గట్టిగా, అంతే.

పాప వయొలిన్ కాకుండా పియానో ఎంచుకోవడం ఒకందుకు మేలైంది. వయొలిన్ అయితే మనది కూర్చుని, స్క్రోల్ (వయొలిన్ చివరి చుట్ట) పాదం మీద ఆనించి, సపసప శ్రుతికి. వాళ్లది నిలబడి, గడ్డం కింద పెట్టి, జి డి ఎ ఇ కి. రెండూ ఒకేసారి నడిపితే ఎడమచెయ్యి రెండిటికీ పాడవుతుంది.

ఇక జూనియర్. కర్ణాటక రాష్ట్రంలో జూనియర్, సీనియర్, విద్వత్ అని వరస. ఇప్పుడు మైసూరులోని గంగూబాయి హానగల్ సంగీత విశ్వవిద్యాలయం నడుపుతోంది. ప్రాక్టికల్‌తో పాటు థియరీ పేపర్ కూడా ఉంటుంది, రాతలో తాళాల అంగాలు, రాగలక్షణాలు, వాగ్గేయకారుల గురించి అడుగుతారు. వర్ణం ఇప్పుడే మొదలైందంటే తొందరే. వర్ణాలు రెండు కాలాల్లో నిలబడి, కొన్ని కృతులు వచ్చాక చూడొచ్చు. ఒకే ఏడాదిలో పియానో గ్రేడూ జూనియరూ రెండూ కట్టకండి. కట్టాల్సి వస్తే థియరీ చదవాల్సినదాన్ని వేసవి సెలవులకి దగ్గరగా పెట్టుకోండి.

అడయార్_అరటోన్:

చెన్నై నుంచి. వీడియో పంపితే చాలన్నవాళ్ల మాటకి నేను జవాబిస్తాను.

వాళ్లన్నది ఏబీఆర్‌ఎస్‌ఎం పెర్ఫార్మెన్స్ గ్రేడ్, 2020లో వచ్చింది. అందులో నాలుగు పీసులు, ఒక్కోటి 30, మొత్తం ప్రదర్శనకి కలిపి మరో 30, వెరసి 150. స్కేల్స్, సైట్ రీడింగ్, ఆరల్ ఉండవు. నాలుగింటిలో ఒకటి మీ సొంత ఎంపిక కావచ్చు. సర్టిఫికెట్ విలువలో తేడా లేదు. కానీ మొదటి పరీక్షకే దీన్ని తీసుకుంటే, పిల్ల స్కేల్స్, సైట్ రీడింగ్ మానేసే ప్రమాదం ఎక్కువ. నా లెక్కన మొదటిది ప్రాక్టికల్, తర్వాతవి పిల్ల ఇష్టం.

ఒకవేళ ఇదే తీసుకుంటే ఎక్కడ పాడవుతుందో చెప్తా. రికార్డింగ్ మొదటి పీసు నుంచి చివరిదాకా ఒకే టేక్, మధ్యలో ఆపి అతికించడం కుదరదు. మూడో పీసులో తప్పొస్తే మొదటి నుంచి మళ్లీ. పిల్లలు ఆరో టేక్‌కి అలసిపోతారు, టేకులు బాగుపడవు, పాడవుతాయి. రోజుకి మూడుకి మించి తీయకండి. కెమెరా పక్క నుంచి పెట్టాలి, ముఖం, రెండు చేతులు, కీస్, పెడల్ అన్నీ ఒకే ఫ్రేములో కనబడాలి. ఫోన్‌ని ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఫ్యాన్ ఆపండి. కుక్కర్ స్టవ్ మీద లేకుండా చూసుకోండి, నవ్వొస్తుంది గానీ నిజం, మూడో విజిల్‌కి మంచి టేకులు పోతుంటాయి.

అందరూ పట్టించుకోనిది మైకు. ఫోన్ మైకు శబ్దం చిన్నదైతే తనే పెంచుతుంది, పెద్దదైతే తగ్గిస్తుంది. పిల్ల పియానో (మెల్లగా), ఫోర్టే (గట్టిగా) తేడా ఎంత బాగా చూపించినా రికార్డింగ్‌లో రెండూ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. ఆ తేడాకే మార్కులు. మైకు లెవెల్ చేత్తో పెట్టుకునే వీలున్న రికార్డింగ్ యాప్ వాడండి, ఫోన్ రెండు మీటర్ల దూరాన పెట్టండి, పెద్ద శబ్దం ఉన్న బారు వాయించి చూసి పగలని చోట లెవెల్ ఆపండి.

సెంటర్‌కి వెళ్లి ఎగ్జామినర్ ముందు వాయించే పరీక్షకే కట్టినా డిజిటల్ పియానో వల్ల ఒక సమస్య ఉంది. సెంటర్లో సాధారణంగా అకూస్టిక్ పియానో (కరెంటు లేని, తీగల పియానో) ఉంటుంది. కీస్ బరువు, లోతు వేరు. ఇంట్లో వాల్యూమ్ సగంలో పెట్టుకుని వాయించిన పిల్ల అక్కడ ఎడమచెయ్యి మోత విని బెదిరిపోతుంది, మెల్లగా నొక్కితే కొన్ని నోట్లు అసలు పలకవు. పరీక్షకి ముందు నెలలో కనీసం నాలుగైదు సార్లు అకూస్టిక్ మీద వాయించే ఏర్పాటు చేయండి. టీచర్ దగ్గర లేకపోతే రిహార్సల్ గది గంటకి తీసుకోండి. మా చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తేమకి కీస్ ఉబ్బి అతుక్కుంటాయి, అది మరో గోల, మీకు అంత ఉండదు. కుర్చీ ఎత్తు సరిచూసుకోనివ్వమని పాపకి ముందే చెప్పండి. లోపలికెళ్లాక బెంచీ తిప్పుకోవచ్చు, రెండు నోట్లు వాయించి చూసుకోవచ్చు. పిల్లలు మొహమాటపడి అలాగే కూర్చుంటారు, మోచెయ్యి కీస్ కంటే కిందికి పోతుంది, స్కేల్స్ తడబడతాయి. గ్రేడ్ 3 మొత్తం 12 నిమిషాలే, సర్దుకునే టైముండదు.

బెళ్లందూరు_అమ్మ:

చాలా థాంక్సండీ. ఎఫ్ మేజర్ వాయించమన్నా. బొటనవేలు సరిగ్గా నల్ల కీ మీదే పడింది! సైట్ రీడింగ్ గ్రేడ్ 1ది ఆగి ఆగి వచ్చింది. ఇంకో మూడు సందేహాలు. మార్చిలో వార్షిక పరీక్షలు, మరి ఏ సెషన్? ఒక సీనియర్ పాప '2023 & 2024' పీసుల పుస్తకం ఉచితంగా ఇస్తానంది, పనికొస్తుందా? ఫారంలో పేరు ఇంటిపేరుతోనా, ఇనీషియల్‌తోనా?

నల్లమెట్టు:

ఆగి ఆగి వచ్చిందంటే వచ్చే సెషన్ వదిలెయ్యండి, ఆ తర్వాతిది చూడండి. టీచర్‌తో గ్రేడ్ 3 వద్దనక్కర్లేదు, నాలుగు నెలలు వాయిదా వేయమనండి, చాలు. పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి: పదహారు వారాల ముందు మూడు పీసులూ ఎంచి ఉండాలి, ఎనిమిది వారాల ముందు మూడూ ఆగకుండా నడవాలి, ఆఖరి నాలుగు వారాల్లో కొత్తగా ఏమీ నేర్పకూడదు. ఫీజు గడువు పరీక్షకి చాలా ముందే ముగుస్తుంది, కట్టాక మనసు మారితే డబ్బు వెనక్కి రాదనే అనుకోండి. అందుకని ఎనిమిది వారాల గుర్తు దాటకముందే కట్టాల్సి వస్తుంది. ఆ రోజుకి కనీసం రెండు పీసులైనా నడుస్తుంటేనే కట్టండి. ఫిబ్రవరి, మార్చి తేదీలొస్తే వద్దు. స్కూల్ పరీక్షల వారంలో ముందుగా తగ్గేది సైట్ రీడింగే.

పీసులు ఎంచేటప్పుడు: ఏబీఆర్‌ఎస్‌ఎం పియానోలో ఎ, బి, సి అని మూడు జాబితాలు, ఒక్కోదాని నుంచి ఒకటి. ఎ లో వేళ్ల పని ఎక్కువ, బి లో పాడినట్టు వాయించేవి, సి లో రకరకాల శైలులు. పిల్లలు సి నుంచి హుషారుగా ఉన్నది ముందే పట్టేస్తారు, బి ఆఖరికి మిగులుతుంది. బి తో మొదలెట్టండి. గీతాలు పాడిన పిల్లకి అదే దగ్గర. ఐదోశ్రుతి గారు చెప్పిన నిలకడ అక్కడా పనికొస్తుంది.

పాత పీసుల పుస్తకం పరీక్షకి కుదరదు. పియానో పీసులు రెండేళ్లకోసారి మారుతాయి, అట్ట మీద ఉన్న సంవత్సరాలు చూసుకోవాలి. దాన్ని మాత్రం తీసుకోండి, వదలకండి. సైట్ రీడింగ్‌కీ, విడిగా వాయించుకోవడానికీ అంతకంటే మంచి సామాను దొరకదు. స్కేల్స్ పుస్తకం ఉంటే అదీ అడగండి, 2021 తర్వాతిదైతే చాలు. పరీక్ష గదికి పీసుల అసలు పుస్తకమే తీసుకెళ్లండి, జిరాక్స్ పట్టుకెళ్తే ఇబ్బంది.

పేరు ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే. మనవాళ్ల ఇంటిపేరు స్కూల్లో ముందు ఇనీషియల్‌గా, పాస్‌పోర్టులో వెనక పూర్తిగా ఉంటుంది. గ్రేడ్ 3 ఒక పేరుతో, గ్రేడ్ 8 మరో పేరుతో వస్తే తర్వాత సరిచేయించడం పెద్ద తంటా. టీచర్ ఫారం నింపుతానంటే, సబ్మిట్ చేసేముందు స్క్రీన్ మీద ఒకసారి మీరే చూడండి.

ఎఫ్ మేజర్‌కి ఈ వారం ఇలా చేయించండి: కుడిచెయ్యి ఒక్కటే, మెట్రొనోమ్ 60 (నిమిషానికి 60 లెక్కలు), ఒక్కో లెక్కకి ఒక నోటు, నాలుగో వేలు బి ఫ్లాట్ మీద ఉండగానే బొటనవేలు సి మీదికి చేరి సిద్ధంగా ఉండాలి. రోజుకి ఆరు సార్లు. వేగం వారం దాకా పెంచకండి.